కుక్కల పుస్తకాలు పట్టుకుని ఫోగో దీవికి

మొదటి రోజు, గురువారం

"నాన్నా, చివర్లో కుక్క చచ్చిపోని పుస్తకం ఈ ఊరి లైబ్రరీలో ఒక్కటైనా ఉంటుందా?"

మా అమ్మాయికి పదకొండేళ్ళు. వేసవి సెలవులిచ్చిన రెండు వారాల్లో ఆరు కుక్కల పుస్తకాలు తెచ్చుకుంది. ఐదింట్లో కుక్క చచ్చిపోయింది. ఆరోది సగంలో ఉండగా అనుమానమొచ్చి, ఆఖరి పేజీ తిప్పి చూసి, పుస్తకం మూసేసి అలిగి కూర్చుంది.

హాల్లో మా అమ్మది ఇంకో గొడవ. ఉప్పాడ నుంచి వచ్చి నెలైంది. మేముండే సెయింట్ జాన్స్ కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ దీవికి తూర్పు కొసన, అట్లాంటిక్ ఒడ్డున ఉంటుంది. సముద్రం చూపిస్తే సంతోషిస్తుందనుకున్నాను. రేవుకి తీసుకెళ్తే ముక్కు ఎగబీల్చి, "చేపల వాసనే లేదు, ఇదేం రేవురా?" అంది. నిజమే. అక్కడ ఎక్కువగా కనపడేది సముద్రంలోని చమురు బావులకు సామాన్లు మోసే పెద్ద ఓడలు. నాన్న ముప్పై ఏళ్ళు వేటకెళ్ళాడు, అమ్మ ముప్పై ఏళ్ళు చేపల తట్ట మోసింది. ఆవిడని ఓడలు చూసి మురిసిపొమ్మంటే ఎలా?

రెండు గొడవలకీ కలిపి ఒకటే మందు తోచింది. న్యూఫౌండ్‌లాండ్ ఈశాన్య తీరానికి అవతల, చేపల ఊళ్ళున్న ఫోగో దీవి. ఐదు రోజులు సెలవు పెట్టాను. మా ఆవిడకి సెలవు దొరకలేదు. "ముగ్గురూ వెళ్ళండి, ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది" అంది.

బయల్దేరే ముందు పుస్తకాలు మార్చుకోడానికి ఏ.సీ. హంటర్ లైబ్రరీకి వెళ్ళాం. కౌంటర్ దగ్గర మా అమ్మాయి తన ఫిర్యాదు ఉన్నదున్నట్టు చెప్పేసింది. అక్కడున్నావిడ నవ్వి, పిల్లల విభాగం వదిలేసి, స్థానిక చరిత్ర అరల దగ్గరికి తీసుకెళ్ళింది. అన్నీ చేపల ఊళ్ళ గురించిన పుస్తకాలు. పాత పద్దులు, ముసలివాళ్ళు చెప్పుకున్న జ్ఞాపకాలు, ఓడలు మునిగిన కథలు. వీటిలోనూ కుక్కలుంటాయి, వెతుక్కోవాలంది.

వెతికాం. ఈ పుస్తకాల్లో కుక్క హీరో కాదు. ఇంట్లో పనిచేసే మనిషి లెక్క. చలికాలం అడవి నుంచి కట్టెల బండి లాగుతుంది, గాలం నుంచి జారిపోయిన చేపని నీళ్ళలో దూకి పట్టుకొస్తుంది, పడవ తాడు నోట కరుచుకుని ఒడ్డుకి ఈదుతుంది. దాని గురించి ఒక్క వాక్యం ఉంటుంది, తర్వాత మళ్ళీ ఉప్పు ధర, చేపల ధర. 1780లో గవర్నర్ రిచర్డ్ ఎడ్వర్డ్స్ ఇంటికి ఒక్క కుక్కే ఉండాలని హుకుం జారీ చేశాడట. గొర్రెల పెంపకం పెంచాలని. 

ఒక పుస్తకంలో ఫొటో చూసి మా అమ్మాయి ఆగింది. రెండు నల్ల కుక్కలు. ఛాతీ మీద తెల్ల మచ్చ, పాదాలు తెల్లగా. సెయింట్ జాన్స్ నీటికుక్క అనే జాతి. ఇవాళ ప్రపంచమంతా పెంచుకునే లాబ్రడార్‌కి ఇదే మూలం. 19వ శతాబ్దంలో చేపల ఓడల్లో ఇంగ్లండ్ చేరి అక్కడి జమీందార్ల వేటకుక్కల్లో కలిసిపోయింది. ఇక్కడ మాత్రం తరిగిపోతూ వచ్చి, చివరికి గ్రాండ్ బ్రూయీ అనే మారుమూల చేపల ఊళ్ళో రెండు మిగిలాయి. ఫొటోలో ఉన్నవి అవే. రెండూ ముసలివి, రెండూ మగవి.

"రెండూ మగవే అయితే..." అని మా అమ్మాయి ఆగిపోయింది. నేనేమీ అనలేదు. ఈ పుస్తకంలో చచ్చిపోయింది ఒక కుక్క కాదు, కుక్కల జాతే. ఆ గ్రాండ్ బ్రూయీ కూడా ఇప్పుడు లేదు. చివరికి మిగిలిన కొద్దిమందీ 2010లో ఊరు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. అది అప్పుడే చెప్పలేదు.

సాయంత్రం ద రూమ్స్ మ్యూజియంలో సేబుల్ చీఫ్‌ని చూశాం. మొదటి ప్రపంచ యుద్ధంలో న్యూఫౌండ్‌లాండ్ రెజిమెంట్‌తో కలిసి కవాతు చేసిన పెద్ద నల్ల కుక్క. చనిపోయాక చర్మంలో గడ్డి కూరి నిలబెట్టారు. అమ్మ అద్దంలోంచి చాలాసేపు చూసి, "దీనికి తిండి పెట్టేవాళ్ళకి ఎంతయ్యేదో" అంది.

రెండో రోజు, శుక్రవారం

ఫోగోకి దారిలో ఉన్న గాండర్ ఊరి దాకా 330 కిలోమీటర్లు. దారంతా స్ప్రూస్ చెట్లూ చెరువులూ, మళ్ళీ చెట్లూ చెరువులూ. మూస్ అనే గుర్రమంత జంతువు రోడ్డుకి అడ్డం వస్తుందని ఇక్కడ చీకటి పడ్డాక కారు తీయాలంటే అందరికీ టెన్షనే. అందుకే పొద్దున్నే బయల్దేరాం. ముందు సీట్లో అమ్మ, ఒళ్ళో పులిహోర డబ్బా. వెనక సీట్లోంచి మా అమ్మాయి పుస్తకం పైకి చదువుతోంది, తెలుగులోకి మార్చి, నానమ్మ కోసం.

కథ 1828 నాటిది. ఈ దీవికి నైరుతి మూలన ఐల్ ఓ మార్ట్ అనే చోటు ఉంది, ఫ్రెంచిలో చచ్చినవాళ్ళ దీవి అని అర్థం. ఐర్లాండ్ నుంచి క్యుబెక్‌కి వలసవాళ్ళని తీసుకెళ్తున్న డిస్పాచ్ అనే ఓడ అక్కడి రాళ్ళకి తగిలింది. ఒడ్డున ఉన్నది ఒకే కుటుంబం. సాయానికి బయల్దేరింది తండ్రి, పదిహేడేళ్ళ కూతురు ఆన్ హార్వీ, పన్నెండేళ్ళ కొడుకు, హెయిరీమాన్ అనే కుక్క. అలలకి పడవ ఓడ దగ్గరికి పోలేదు. కుక్క ఈదుకుంటూ వెళ్ళి తాడు పట్టుకొచ్చింది. 163 మంది బతికారు. ఇవాళ కెనడా కోస్ట్ గార్డ్ ఓడ ఒకదానికి ఆన్ హార్వీ పేరుంది.

"హెయిరీమాన్ ఎలా చచ్చిపోయిందో రాయలేదు!" అని అరిచింది మా అమ్మాయి. ఆరు పుస్తకాల తర్వాత మొదటి సంతోషం.

ఆ ఊపులో ఇంకోటి చదివింది. 1919 డిసెంబరు. ఎథీ అనే స్టీమరు పశ్చిమ తీరంలో తుఫానుకి ఒడ్డెక్కింది. 92 మంది బతికారు, ఓ చంటిబిడ్డని టపా సంచిలో పెట్టి తాడు మీద ఒడ్డుకి లాగారు. అక్కడా కుక్కే తాడు తెచ్చిందని పత్రికలు రాశాయి. కానీ అసలు కుక్కే లేదని, ఉన్నా తాడు తేలేదని వాదించేవాళ్ళూ ఉన్నారు. నాకు రెండోవాళ్ళ మాటే సబబనిపిస్తుంది. అంత మంచి కుక్క కథ పత్రికలకి దొరికితే వదులుతాయా? అమ్మ తీర్పు వేరే. "బిడ్డని సంచిలో పెట్టి లాగారంటే నమ్ముతావు, కుక్క ఈదిందంటే నమ్మవా?"

గాండర్ ఊళ్ళో ఆగింది ఒక విగ్రహం కోసం. సైనికుడు, పక్కన భారీ న్యూఫౌండ్‌లాండ్ కుక్క. దాని అసలు పేరు పాల్. ఇక్కడ ఒక ఇంట్లో పెరిగింది, పిల్లల్ని జారుడుబండిలో కూర్చోబెట్టుకుని లాగేది. ఒకరోజు ఆటలో ఓ పాప మొహం మీద గోరు గీరుకుంది. దాన్ని చంపాల్సొస్తుందేమోనన్న భయంతో, విమానాశ్రయం కాపలాకొచ్చిన కెనడా రాయల్ రైఫిల్స్ దళం సైనికులకి ఇచ్చేశారు. వాళ్ళు గాండర్ అని పేరు పెట్టి, సార్జెంటు హోదా ఇచ్చి, 1941లో హాంకాంగ్‌కి తమతో తీసుకెళ్ళారు. డిసెంబరులో జపాన్ దాడి చేసినప్పుడు, గాయపడిన సైనికుల మధ్య పడ్డ గ్రెనేడ్‌ని నోట కరుచుకుని పరిగెత్తింది. ఏడుగురు బతికారు. 2000లో డికిన్ మెడల్ ఇచ్చారు, జంతువులకిచ్చే సాహస పతకం, జంతువుల విక్టోరియా క్రాస్ అంటారు దాన్ని. ఆ యుద్ధంలో మన రాజ్‌పుత్, పంజాబ్ రెజిమెంట్ల సిపాయిలు కూడా చాలామంది పోయారు. వాళ్ళ పేర్లు గాండర్ పేరంత మందికి తెలియవు.

మా అమ్మాయి విగ్రహం మెడ చుట్టూ చెయ్యేసి కదలలేదు. ఈ కథ ముగింపు దానికి ముందే తెలుసు. అయినా అలగలేదు. నేనూ తొందరపెట్టలేదు, అదే తప్పయింది. ఫేర్‌వెల్ రేవుకి చేరేసరికి ఫెర్రీ కోసం కార్ల వరస కొండ మలుపు దాకా ఉంది. ముందొచ్చినవాళ్ళకి ముందు. మా ముందు ఆరు కార్లుండగా ఫెర్రీ నిండిపోయింది.

ఫేర్‌వెల్ అంటే వీడ్కోలు. ఊరంటూ ఏమీ లేదు, రేవూ గాలీ అంతే. ఈ దీవి మీద ఊళ్ళ పేర్లన్నీ ఇలాగే ఉంటాయి. ఫోగోలో సెల్డమ్ అనే ఊరుంది. అక్కడ ఆగకుండా పోయే ఓడ అరుదు కాబట్టి ఆ పేరట. కారులోనే పులిహోర తిన్నాం. తర్వాతి ఫెర్రీ దొరికింది. ముప్పావుగంట ప్రయాణం. రాత్రి తొమ్మిదవుతున్నా ఇంకా వెలుతురుంది. డెక్ మీద నిలబడి అమ్మ ఒక్కసారిగా, "ఇప్పుడొచ్చింది వాసన" అంది.

మూడో రోజు, శనివారం

మేం దిగింది జో బాట్స్ ఆర్మ్ అనే ఊళ్ళో, ఒక ముసలి దంపతుల ఇంటి పక్క వాటాలో. కిటికీలోంచి చూస్తే దూరంగా రాళ్ళ మీద సన్నటి కర్రల కాళ్ళతో నిలబడ్డ ఫోగో ఐలాండ్ ఇన్ కనపడుతుంది. 29 గదులు. ఒక రాత్రి అద్దెతో మా ఇంటి నెల అద్దె కట్టేయొచ్చు. ఫొటో తీసుకుని సరిపెట్టుకున్నాం.

ఇంటాయనకి డెబ్బై దాటాయి. అందరూ స్కిప్పర్ అని పిలుస్తారు. పొద్దున్నే తలుపు కొట్టి అమ్మతో, "గుడ్ మార్నింగ్, మై లవ్. చేపలకి వస్తావా?" అన్నాడు. మా అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏమన్నాడే ఆయన?"

"నిన్ను నా ప్రియా అన్నాడు నానమ్మా."

ఇక్కడ కొట్లో చిల్లరిచ్చే పిల్ల దగ్గర్నుంచి అందరూ అందరినీ అలాగే అంటారని నచ్చజెప్పడానికి పది నిమిషాలు పట్టింది. నచ్చజెప్పాక అమ్మ చీర మీదే లైఫ్ జాకెట్ తొడుక్కుని, నాకంటే ముందు పడవెక్కింది.

వేసవిలో శని, ఆది, సోమవారాల్లో ఇక్కడ ఎవరైనా ఇంటి తిండికి కాడ్ చేప పట్టుకోవచ్చు. లైసెన్సు అక్కర్లేదు. మనిషికి రోజుకి ఐదు. పడవలో ఎంతమంది ఉన్నా పదిహేనుకి మించకూడదు. అన్నట్టు ఇక్కడ 'ఫిష్' అంటే కాడ్ ఒక్కటే. సాల్మన్ అంటే సాల్మన్, హెర్రింగ్ అంటే హెర్రింగ్. వట్టి చేప అన్నారంటే కాడే. 1497లో జాన్ కాబట్ మనుషులు ఈ నీళ్ళలో బుట్ట ముంచి చేపలు తోడారంటారు. ఐదు వందల ఏళ్ళు యూరపు అంతా ఆ బుట్టలో తింది.

చేతిగాలం వదిలి, అడుగు తగిలాక కొంచెం పైకి లాగి, ఆడిస్తూ ఉండాలి. అమ్మ దారం వేలికి చుట్టుకోబోతే స్కిప్పర్ వద్దన్నాడు. రెండు నిమిషాల్లో మొదటి చేప ఆవిడకే పడింది. మూరెడు పొడవు, గోధుమ రంగు చుక్కలు, ఒంటి పక్కన తెల్లటి గీత, గడ్డం కింద ఒకే ఒక్క వెంట్రుకలాంటి మీసం. "ముసలాడి గడ్డం" అని అమ్మ దాన్ని పట్టుకు లాగింది.

గంటలోపే పదిహేనయ్యాయి. గాలాలు చుట్టేశాడు స్కిప్పర్.

"అప్పుడేనా? నలుగురం ఉన్నాం, ఇరవై కదా?" అంది అమ్మ. పడవకి పదిహేనేనని చెప్పాను. "ఎవడు చూస్తాడురా ఇక్కడ?" నేను తర్జుమా చెయ్యకముందే ఆయనకి అర్థమైపోయింది. వేలు పైకెత్తి అటూ ఇటూ ఊపాడు.

ఆయన ఆ వేలు ఎందుకు ఊపాడో తెలియాలంటే 1992 జూలై 2 తెలియాలి. ఆ రోజు కెనడా మంత్రి జాన్ క్రాస్బీ, కాడ్ వేట ఆపేస్తున్నాం, రెండేళ్ళ పాటు అని ప్రకటించాడు. చేపలు అయిపోయాయి కాబట్టి. ఇక్కడి జనం చిన్న పడవల్లో పట్టింది కాదు అవి అయిపోవడానికి కారణం. విదేశాల నుంచి ఫ్యాక్టరీల్లాంటి ఓడలొచ్చి అడుగుదాకా ఊడ్చుకుపోయాయి. 1968లో ఒక్క ఏడాదిలో ఎనిమిది లక్షల టన్నులు పట్టారు. 1977లో 200 మైళ్ళ హద్దు పెట్టుకున్నాక, కెనడా తన సొంత ట్రాలర్లతో అదే పని చేసింది. 1992లో ఒకే దెబ్బకి దాదాపు 30 వేలమంది పని పోయింది. రెండేళ్ళు కాస్తా ముప్పై రెండేళ్ళయింది. సరిగ్గా మేం బయల్దేరడానికి రెండు వారాల ముందు, 2024 జూన్ ఆఖర్లో, నిషేధం ఎత్తేసి 18 వేల టన్నులకి అనుమతిచ్చారు. స్కిప్పర్ నలభయ్యో ఏట వల ఒడ్డుకి లాగి, పీతల వేటకి మారినవాడు. నిషేధం ఎత్తేసినందుకు సంతోషమా అని అడిగితే, "తొందరపడ్డారు" అని ఊరుకున్నాడు.

అమ్మకి చెప్పాను. మన దగ్గర వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. ఆ రెండు నెలలకే ఇంట్లో గిన్నెలు తాకట్టుకెళ్ళిన సంగతి ఆవిడకి గుర్తుంది. "ముప్పై రెండేళ్ళు ఏం తిన్నార్రా?" అంది. నా దగ్గర గణాంకాలున్నాయి గానీ జవాబు లేదు.

పడవ నేరుగా స్టేజ్ కిందికొచ్చింది. నాటకాల స్టేజీ కాదు. సగం ఒడ్డున, సగం నీళ్ళ మీద గుంజలు పాతి కట్టిన ఎర్ర రంగు చెక్క షెడ్డు. చేప కోసేది, ఉప్పులో వేసేది అందులోనే. లోపల నడుమెత్తు బల్ల, బల్ల పక్కన నేలలో రంధ్రం, కింద సముద్రం. పాతరోజుల్లో ఒక్కో చేపకి ముగ్గురుండేవారట. ఒకరు గొంతూ పొట్టా చీల్చడం, ఒకరు కాలేజం తీసి తల విరవడం, ఒకరు వెన్నుముల్లు తియ్యడం. ఇప్పుడు మూడు పనులూ ఇంటావిడే చేస్తోంది. కాలేజం పక్క డబ్బాలోకి, పేగులు రంధ్రంలోకి. తలని బల్ల అంచుకి ఆనించి ఒక్క నొక్కు నొక్కితే, ఎండుకొమ్మ విరిగినట్టు ఊడొచ్చింది. తర్వాత కొస వంపు తిరిగిన పొట్టి కత్తితో వెన్ను వెంట ఒక గీత, ముల్లు కింద రెండో గీత. ముల్లు పైకి లేచింది, చేప పుస్తకంలా తెరుచుకుంది.

అమ్మ కళ్ళార్పకుండా చూసింది. జీవితమంతా కత్తిపీట ముందు కూర్చుని కోసిన మనిషి. కత్తి కదలదు, చేపే కదలాలి. ఇక్కడ చేప కదలదు, కత్తి కదులుతుంది. ఇంటావిడ తన ఎడంచేతి ఊలు తొడుగు విప్పి అమ్మకిచ్చింది. మొదటి చేపకి సగం మాంసం ముల్లుకే ఉండిపోయింది. అమ్మ నాలుక కరుచుకుంది. ఇంటావిడ వెనక నిలబడి, అమ్మ మణికట్టు పట్టుకుని కత్తి ఒంపు ఎక్కడ తిప్పాలో చూపించింది. రెండోదానికి కొంచెం నయం. నాలుగోదానికి ముల్లు శుభ్రంగా లేచింది. "ఆఁ!" అన్నారిద్దరూ ఒకేసారి. ఆ తర్వాత గంటసేపు ఒకావిడ ఇంగ్లీషులో, ఒకావిడ తెలుగులో ధారాళంగా మాట్లాడుకున్నారు. నన్ను తర్జుమా చెయ్యమని ఎవరూ అడగలేదు.

గుమ్మంలో వాళ్ళ కుక్క కూర్చుని ఉంది. నల్లగా, బలంగా. మా అమ్మాయి ఊపిరి బిగబట్టి నా చొక్కా లాగింది. "నాన్నా! ఛాతీ మీద తెల్ల మచ్చ!"

స్కిప్పర్ నవ్వాడు. మామూలు లాబ్రడార్ కలిసిన ఊరకుక్కేనట, ఇలాంటి మచ్చలు దీవంతా ఉంటాయట. పేరు బడ్డీ. తన చిన్నప్పుడు కట్టెల బండికి ఇలాంటివే రెండు కట్టేవాళ్ళమనీ, తర్వాత స్నోమొబైల్ బళ్ళొచ్చాక కుక్కలకి పని లేకుండా పోయిందనీ చెప్పాడు. వాటి పేర్లేమిటని మా అమ్మాయి అడిగింది. ఒకటి గుర్తొచ్చింది, రెండోది రాలేదు. ఆయన చాలాసేపు సముద్రం వైపు చూస్తూ ఆలోచించాడు. రాలేదు.

అమ్మ ఒక తల తీసి, "నల్లోడా, ఇదిగో" అని విసిరింది. బడ్డీకి తెలుగు వెంటనే అర్థమైంది.

మిగతా తలలు రంధ్రంలో పడబోతుంటే అమ్మ రెండు చేతులూ అడ్డం పెట్టింది. కాడ్ నాలుకలు వీళ్ళకి ఇష్టమే, పందికొవ్వులో వేయిస్తారు. కానీ తలకాయ పులుసు తెలియదు. రాత్రి వండింది, సూట్‌కేసులో తెచ్చుకున్న చింతపండుతో. కాడ్ ముక్కలు పులుసులో నిలవలేదు, పొరలు పొరలుగా విడిపోయాయి. "బొత్తిగా నీరసం చేప" అని తిట్టుకుంది. తలలు మాత్రం అద్భుతంగా కుదిరాయి. దంపతులిద్దరూ నీళ్ళు తాగుతూ, కళ్ళు తుడుచుకుంటూ తిన్నారు, మళ్ళీ వడ్డించుకున్నారు.

నాలుగో రోజు, ఆదివారం

పొగమంచు. బ్రిమ్‌స్టోన్ హెడ్ అనే రాతిగుట్ట ఎక్కాం. భూమి బల్లపరుపుగా ఉందనేవాళ్ళు దాని నాలుగు మూలల్లో ఇదొకటని చెబుతారట. మంచులో పది అడుగుల అవతల ఏమీ కనపడలేదు. ఆ పూటకి వాళ్ళ మాట నిజమే అనిపించింది.

టిల్టింగ్ ఊరి ఇసుక తీరం దగ్గర మంచు తేలిపోయింది. అక్కడ జనం బకెట్లు పట్టుకుని నిలబడ్డారు. కేప్లిన్ వచ్చింది. నెత్తళ్ళకంటే కాస్త పెద్ద వెండి చేప. ఏడాదికోసారి గుడ్లు పెట్టడానికి గుంపులుగా అలతో పాటు ఒడ్డుకొచ్చి పడుతుంది. కాడ్‌కి ఇదే ముఖ్యమైన తిండి. పాతరోజుల్లో బంగాళాదుంప మళ్ళకి ఎరువూ ఇదే, ఎండబెడితే చలికాలమంతా కుక్కలకి మేతా ఇదే. ఒకాయన విసురువల చుట్టుకుంటున్నాడు. అమ్మ అది చూసి, చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్ళు దోపుకుని నీళ్ళలోకి నడిచింది. ఆ నీళ్ళలో నేను అర నిమిషం నిలబడలేకపోయాను.

దారిలో మా అమ్మాయికి ఈ దీవి ఎందుకు ఖాళీ కాలేదో చెప్పాను. 1954 నుంచి 1975 దాకా న్యూఫౌండ్‌లాండ్‌లో దాదాపు 300 చిన్న ఊళ్ళు ఖాళీ అయ్యాయి. మారుమూలకి బడీ ఆసుపత్రీ ఇవ్వలేం, మీరే పెద్ద ఊళ్ళకి రండి అంది ప్రభుత్వం. చెక్క ఇళ్ళని దుంగల మీద దొర్లించి, నీళ్ళలోకి దించి, పడవలతో లాక్కుపోయారు. ఫోగో వంతూ వచ్చేదే. 1967లో నేషనల్ ఫిల్మ్ బోర్డు తరఫున కోలిన్ లో అనే దర్శకుడొచ్చి, మెమోరియల్ యూనివర్సిటీ వాళ్ళతో కలిసి, ఇక్కడివాళ్ళ మాటల్నే 27 చిన్న సినిమాలుగా తీసి ఊరూరా వాళ్ళకే చూపించాడు. పక్క ఊరివాడి మొహం చూడనివాళ్ళు తెర మీద అతని కష్టం చూసి, అరె, నా కష్టమే అనుకున్నారు. మంత్రులకీ చూపించారు. సహకార సంఘం పెట్టుకుని, పెద్ద పడవలు కట్టుకుని ఉండిపోయారు. సంఘం ఇప్పటికీ నడుస్తోంది. అంతకుముందు ఉప్పూ వలా అరువిచ్చి చేప మొత్తం ఎత్తుకుపోయే షావుకార్లే దిక్కు, డబ్బు కంటికి కనపడేది కాదు. అది అమ్మకి విడమర్చి చెప్పనక్కర్లేకపోయింది.

ఇళ్ళు నీళ్ళ మీద తేలుతూ పోతున్న ఫొటో పుస్తకంలో ఉంది. రాత్రి అమ్మ దాన్ని దగ్గరగా పట్టుకుని చూసింది. ఉప్పాడలో మా పాత ఇల్లు కూడా సముద్రంలోకే పోయింది, కానీ తేల్లేదు. కోత కోసుకుంటూ వచ్చి ఒక వానాకాలం గోడ, తర్వాతి వానాకాలం వంటిల్లు. మేం లోపలి కాలనీకి మారిపోయాం. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు.

"మన నల్లోడు గుర్తున్నాడా?" అంది అమ్మ. అప్పుడు తెలిసింది, నిన్న బడ్డీని ఎవరి పేరు పెట్టి పిలిచిందో. నాన్న పడవ కనుచూపు మేరకి రాకముందే పసిగట్టి ఒడ్డున మొరిగే కుక్క. అది మొరిగితేనే అమ్మ తట్ట తీసుకుని బయల్దేరేదట. "కాలనీకి రానన్నాడు. పొద్దున్నే పాత ఇంటి దగ్గరికి పోయి, నీళ్ళలో నిలబడ్డ మెట్ల మీద కూర్చునేవాడు. మీ నాన్న మోసుకొచ్చేవాడు, మళ్ళీ పోయేవాడు."

"తర్వాత?" అంది మా అమ్మాయి, దుప్పటి గడ్డం దాకా లాక్కుని.

అమ్మ దాని మొహం చూసింది. "తర్వాతేముంది, పడుకో. రేపు ఫెర్రీ తప్పిపోద్ది."

ఐదో రోజు, సోమవారం

దీవి నడిమధ్య బడి ఉంది. అన్ని ఊళ్ళ పిల్లలూ ఒకచోట చదవాలని అక్కడ కట్టారు. ఫోగో పబ్లిక్ లైబ్రరీ కూడా ఆ భవనంలోనే. ఒకే కార్డు రాష్ట్రమంతా పనిచేస్తుంది కాబట్టి చదివేసిన రెండు పుస్తకాలు ఇక్కడే ఇచ్చేశాం. 2016లో డబ్బుల్లేవని ఈ రాష్ట్రంలోని 95 లైబ్రరీల్లో 54 మూసేస్తామన్నారు, అదే బడ్జెట్లో పుస్తకాల మీద పన్ను కూడా వేశారు. చిన్న ఊళ్ళ జనం గొడవ చేశారు. మూత ఆగింది, పన్ను 2018లో పోయింది. రోడ్లు లేని కాలంలో వీళ్ళ ఊళ్ళకి పెట్టెల్లో పుస్తకాలు పెట్టి స్టీమర్ల మీద పంపేవారు. మనకీ అలాంటిదుండేది. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలవల మీద పడవ గ్రంథాలయం నడిపాడు, పెదవడ్లపూడి నుంచి కొల్లూరు వైపు. కాలవ గట్టున ఆగడం, పుస్తకాలివ్వడం, తిరుగు ప్రయాణంలో తీసుకోవడం.

రెండు నల్ల కుక్కల ఫొటో ఉన్న పుస్తకం మాత్రం మా అమ్మాయి ఇవ్వనంది. గడువు పెంచుకుంది. గ్రాండ్ బ్రూయీ సంగతి పుస్తకంలో లేకపోయినా, ఫోన్లో అదే వెతికి తెలుసుకుంది. దాని గురించి ఏమీ అడగలేదు. పుస్తకం బ్యాగులో అడుగున పెట్టుకుంది.

బయల్దేరేటప్పుడు ఇంటావిడ కాగితంలో చుట్టిన ఉప్పుచేప ఇచ్చింది. అట్టలా గట్టిగా ఉంది. అమ్మ వాసన చూసి, తల ఊపి, తన కారప్పొడి డబ్బా ఆవిడ చేతిలో పెట్టింది. స్కిప్పర్ "సో లాంగ్, మై లవ్" అన్నాడు. అమ్మ "సరేనండీ, ఉంటాం" అంది, ఏమాత్రం కంగారు లేకుండా.

ఫెర్రీలో పిన్ని ఫోన్ చేసింది. ఇక్కడ మధ్యాహ్నం రెండు, ఉప్పాడలో రాత్రి పది. వాళ్ళ గడియారమూ మాదీ అరగంటల మీదే నడుస్తాయి కాబట్టి తేడా సరిగ్గా ఎనిమిది గంటలు. గాలి హోరుకి అమ్మ గట్టిగా అరుస్తోంది, డెక్ మీద అందరూ వింటున్నారు.

"ఆఁ, ఉన్నాయే, బోలెడు! గాలం ఏస్తే పడిపోతన్నాయి!... ఏంటీ?... పట్టనివ్వరే. మనిషికి ఐదే!... ఐదు!... వేలు కాదే, ఐదు చేపలు!"